ఐదు జీడిపిక్కలు

పోయినవి ముందు రాస్తాను.

గాజాలో పోయినవి: రెండు చెవులు. రేకుల షెడ్డు ఒకటి. అందులో ఉన్న రేడియో యంత్రం, దాని పక్కన పెట్టుకుని రాసుకున్న పుస్తకం. ఖర్జూరపు చెట్టుకీ ఇనుప స్తంభానికీ మధ్య కట్టిన రాగితీగ. ఇక్కడ ఉద్దానంలో పోయినవి: రెండు అక్షరాలు, ఐదు జీడిపిక్కలు. పిక్కలు నిజానికి పోలేదు. బస్తాలోకి వెళ్ళాయి, బస్తా పలాస వెళ్ళింది. అయినా వాటిని పోయినవాటి కిందే రాస్తాను. చివరిది మనిషి. ఈ వానాకాలంలో టెక్కలి ఆసుపత్రిలో పోయాడు.

కూడితే ఎంత అంటే చెప్పలేను. రకం వేరైన సరుకుల్ని కలిపి కూడకూడదు.

మేం చుట్టాలం కాము. మా వైపు ఈడు కలిసిన పొరుగువాణ్ణి బావ అంటాం. అలా ఆయన నాకు బావ, నేను ఆయనకి బావ. వాళ్ళమ్మ నాకు అత్త. ఆయన సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో ఉండేవాడు. నేను పలాసలో ఒక జీడిబట్టీ దగ్గర లెక్కలు రాస్తాను. ఊరు ఇద్దరిదీ ఒకటే, రైలుపట్టాలకీ సముద్రానికీ మధ్య.

ఆయన గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది మూడంకెల సంగతి. హామ్ రేడియో అని ఒక వ్యాపకం ఉంది. సర్కారు అనుమతితో, కేవలం సరదాకి, ఒక యంత్రం పెట్టుకుని ప్రపంచంలో ఎక్కడో ఉన్న మరో యంత్రంవాణ్ణి పిలవడం. చాలామంది నోటితో మాట్లాడరు. మీట నొక్కి చిన్న మోత, పెద్ద మోతలుగా అక్షరాలు పంపుతారు. ఇద్దరు కలిసినప్పుడు తప్పకుండా ఇచ్చుకోవలసింది ఒకటే: నీ మోత నాకు ఎలా అందింది అన్నది, మూడంకెల్లో. మొదటి అంకె ఎంత అర్థమైందో, అయిదుకి. రెండోది ఎంత బలంగా వచ్చిందో, తొమ్మిదికి. మూడోది మోత ఎంత శుద్ధంగా ఉందో, అదీ తొమ్మిదికి. అంకెలు రెండు వైపులా అందితేనే కలిసినట్టు లెక్క. ఒక వైపే అందితే కలవనట్టే.

ఎక్కువమంది ఎవరికైనా ఐదు, తొమ్మిది, తొమ్మిది ఇచ్చేస్తారట. అడిగినవాడు సంతోషిస్తాడని. బావ ఇచ్చేవాడు కాదు. "అది మొగమాటం అంకె," అనేవాడు. "ఇన్నదే సెప్పాల. నేపోతే ఇనడమెందుకు?"

ఈ అలవాటు ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. ఒక సెలవులో జలంత్రకోటలో పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికూతురి తండ్రి పంక్తి పొడుగునా తిరుగుతూ మా ఆకుల దగ్గర ఆగాడు.

"ఏటి సిపాయి బావా, వంకాయకూరకి ఎన్ని మార్కులేత్తావు?"

బావ ముద్ద మింగాడు. కాసేపు ఆలోచించాడు. "నాలుగు, ఐదు, తొమ్మిది."

"ఆకరుది తొమ్మిదెందుకు?"

"కల్తీ నేదు."

"మరి మజ్జిన ఐదేటి?"

"ఉప్పు తక్కువ."

"ఆ సివర పంక్తికి ఉప్పు బాగానే ఏసినారు. నీ కాడికొచ్చేసరికి అయిపోనాది."

"దూరం పెరిగితే బలం తగ్గుద్ది గదా," అన్నాడు బావ. పెళ్ళికూతురి తండ్రి నవ్వాలో కోపగించుకోవాలో తేలక పెరుగు తెమ్మని కేకేశాడు.

బస్సులో కూర్చుంటే ఆయన కుడిచేతి చూపుడువేలు తొడమీద ఆడుతూనే ఉండేది. పలాస నుంచి టెక్కలి దాకా ఏం కొడుతున్నావంటే, దుకాణాల బోర్డులు అనేవాడు. మనుషులతో కూడా ఆయన పద్ధతి రేడియో పద్ధతే. ఏ గుంపులోకి వెళ్ళినా ముందు ఒక పక్కన నిలబడి వినేవాడు. "ముందు ఇనాల, ఆనక పిలవాల" అన్నది ఆయన నోట నేను లెక్కలేనన్నిసార్లు విన్న మాట. లెక్కలేనన్ని అని నేను రాయడం అరుదు.

గాజా వెళ్ళేముందు వచ్చిన సెలవులో నాకో రిసీవరు కట్టి ఇచ్చాడు. వాల్వులు, ఒక పాత మోటారు బ్యాటరీ, చెవులకి తగిలించుకునే గొట్టాలు. వినడానికే, పంపడానికి కాదు. పంపడానికి లైసెన్సు వేరే ఉండాలి. వాళ్ళ పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య తీగ లాగాం. తీగ చివర్లు డొంకూరు జాలరుల దగ్గర తెచ్చిన నైలాను తాడుతో కట్టాడు. అది తడిసినా మోత చెట్టులోకి కారిపోదట.

అత్త కింద నిలబడి చూసింది. "దానిమీద బట్టలారేసుకోవచ్చా?"

"వొద్దమ్మా."

"మరెందుకురా అంత పొడుగు?"

"నా మాట ఇనడానికి."

"ఇక్కడున్నప్పుడు నువ్వు మాటాడితే గదా," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

నాకు మోతలు నేర్పిన పద్ధతి కూడా ఆయనదే. చేట తెచ్చి మధ్యలో పెట్టాడు. చిన్న మోతకి చింతపిక్క, పెద్ద మోతకి జీడిపిక్క. అప్పుడు జీడి కాపు కాలం, ఇంటినిండా పిక్కలే. అంకెలు నాకు రెండు పూటల్లో వచ్చేశాయి. ఏ అంకెకైనా ఐదే మోతలు, వరస తప్పదు. అక్షరాలు రాలేదు. ఒకదానికి ఒకటే మోత, మరోదానికి నాలుగు, వరసా వావీ లేదు. అందుకని అక్షరం వినబడగానే చేటలో పిక్కలు పేర్చేవాణ్ణి. తరవాత తీరిగ్గా పట్టీ చూసి ఏ అక్షరమో తేల్చుకునేవాణ్ణి.

"బాగుంది బావా," అన్నాడు. "రేడియో ఇనడానికి సేట కావలసినోడివి పెపంచకంలో నువ్వొక్కడివే."

గాజాలో ఆయన నీలం టోపీల శాంతిసేనలో ఉన్నాడు. రెండు దేశాల మధ్య గీతకి కాపలా. మొదటి ఉత్తరంలో రాశాడు: "మన ఇసుకే బావా. జీడితోట ఒకటి నేదు." అక్కడ కెనడా సిపాయిలు నడిపే హామ్ షెడ్డు ఉండేది. రేకులు, చుట్టూ ఇసుక బస్తాలు, మందుగుండు పెట్టె చెక్కమీద బిగించిన మీట. ఈయన చేయి చూసి వాళ్ళు ఆదివారాలు ఈయనకి వదిలేశారు. సైన్యం మాట, రాజకీయం మాట మీటమీదికి రాకూడదు. పేరు, ఊరు, ఎండ, మూడంకెలు. అంతే. గాలిదుమారం లేస్తే ఇసుక తీగకి రాసుకుని తీగ కొన నీలంగా నిప్పు చిమ్మేదట. అప్పుడు మీట ముట్టకుండా, దుమారం తగ్గేదాకా పాలపొడి టీ తాగుతూ కూర్చునేవారట.

ఆదివారం సాయంత్రం నేను అత్త ఇంటి అరుగుమీద గొట్టాలు తగిలించుకుని కూర్చునేవాణ్ణి. ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడో ఆ అవతలివాడి మోత నాకు అందేది కాదు. ఈయనది మాత్రమే అందేది. వంద మోతల్లో ఆయనది పట్టుకోగలిగేవాణ్ణి. పెద్ద మోతని చివర ఒక పిసరు సాగదీసేవాడు, మా వాళ్ళు మాట చివర సాగదీసినట్టే.

అత్త పక్కన కూర్చుని జీడిపిక్కలు ఏరుతూ ఉండేది. ఏది చేసినా పైకి లెక్కపెడుతూ చేయడం ఆవిడ అలవాటు. మొదటిదాన్ని ఒకటి అనదు. లాభం, రెండు, మూడు.

"ఏటంతన్నాడు?"

"ఎండగా ఉందట అత్తా."

"తిన్నాడా?"

"అది అడగడం కుదరదు. మనం వినడమే."

"ఎండగా ఉందని సెప్పడానికి ఇంత తీగా." మళ్ళీ ఏరుకునేది. కాని ఆదివారం నేను ఆలస్యమైతే చేట కడిగి, పిక్కలు రెండు కుప్పలుగా పోసి ఉంచేది.

అరవై ఏడు మే నెలలో ఆకాశవాణి వార్తలు బాగులేవు. శాంతిసేనని వెళ్ళిపొమ్మన్నారని చెప్పారు. కెనడా వాళ్ళు ముందే వెళ్ళిపోయారు. షెడ్డు తాళం బావ చేతిలో పెట్టి, మీరు వెళ్ళేటప్పుడు తీగ దింపేయండి అన్నారట. ఇది తరవాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసింది ఒకటే, జూన్ మొదటి ఆదివారం ఆయన మోత రాలేదు.

మర్నాడు సోమవారం. బట్టీ ఆగి ఉంది, పని లేదు. రోహిణి ఎండ. మధ్యాహ్నం భోజనం చేసి అత్త ఇంటికి వెళ్ళి గొట్టాలు తగిలించుకున్నాను. ఊరికే. చాలాసేపు ఏమీ లేదు. తరవాత సాగదీసిన ఆ పెద్ద మోత వినబడింది.

ఎవరికో బదులిస్తున్నాడు. అవతలివాడి గుర్తును రెండుసార్లు పంపాడు. ప్రతి హామ్‌కీ ఒక గుర్తు ఉంటుంది, ఊరి పేరూ మనిషి పేరూ కలిపినట్టు. దేశానికి రెండక్షరాలు, ఒక అంకె, చివర సొంతానివి మరో రెండక్షరాలు. దేశం అక్షరాలు ఇదివరకు విన్నవే, ఫిన్లాండువి, పలకమీద రాశాను. అంకె సరేసరి. చివరి రెండక్షరాలు కొత్తవి. చేటలో పిక్కలు పేర్చాను. తరవాత "నీకు" అనే అర్థంలో వాడే మోత పంపాడు. అది నాకు తెలుసు. దాని తరవాత వచ్చేవి మూడంకెలు.

నాకు బాగా వచ్చినవి అంకెలే. చేట పక్కకి పెట్టి, సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాను.

అంకెలు రాలేదు.

బ్యాటరీ చూశాను, బాగానే ఉంది. తీగ చూశాను, చెట్లమీద అలాగే ఉంది. సాయంత్రం దాకా కూర్చున్నాను. అప్పుడు టీ దుకాణం రేడియోలో వార్తలొచ్చాయి. యుద్ధం మొదలైంది, గాజాలో గుండ్లు పడుతున్నాయి, మన సిపాయిలు కూడా పోయారు. నేను సైకిలు తీసుకుని పలాస తంతి ఆఫీసుకి వెళ్ళాను.

మర్నాడు తిరిగి వచ్చేసరికి అత్త అరుగుమీదే కూర్చుని ఉంది. చేట నేను పెట్టినచోటే ఉంది. అందులో జీడిపిక్కలు లేవు. చింతపిక్కలు మాత్రం ఉన్నాయి. ఒకటి, కాస్త ఎడం, తరవాత రెండు.

"జీడిపిక్కలు బత్తాలో ఏసీసినాను," అంది అత్త. "వర్తకుడి సరుకు గదా. సింతపిక్కలు నీ సదువువి, ముట్నేదు."

అప్పటికి వాటితో ఎవరికీ పని లేదు. కనబడింది రాసిపెట్టుకోవడం నా అలవాటు కాబట్టి పలకమీద గుర్తు పక్కన "చింతపిక్కలు: ఒకటి, రెండు" అని రాసి, పలక అటకమీద పెట్టాను. చేటని అత్త గోడకి తగిలించింది.

వానలు పడ్డాక బావ వచ్చాడు. పలాస స్టేషనులో దిగాడు. నేను వెనకనుంచి పిలిచాను, తిరగలేదు. ముందుకి వెళ్ళి నిలబడ్డాను. "గట్టిగా అరవకు బావా, లాభం నేదు," అన్నాడు. ప్లాట్‌ఫారం అంతా తిరిగి చూసేంత గట్టిగా ఆయనే అరిచాడు. తన గొంతు ఎంతో తనకి తెలియదు.

ఆ రోజు ఏం జరిగిందో ఆయన చెప్పింది కొంచెమే. షెడ్డు పక్కన గుండు పడింది. రేకులు మీద పడ్డాయి. లేచేసరికి నోట్లో ఇసుక, చెవుల్లో ఏమీ లేదు. తోటి సిపాయిలు ఎంతమంది పోయారో చెప్పలేదు. అన్నిటికీ అంకె ఇచ్చే మనిషి దానికి ఇవ్వలేదు.

ఆయనతో మాట్లాడే పద్ధతి మాకు వారంలో కుదిరింది. చదువొచ్చినవాళ్ళు పలకమీద రాసేవాళ్ళు. అత్త చేతులతో చూపేది. నేను ఆయన ముంజేతిమీద వేలితో కొట్టేవాణ్ణి, పొట్టిగా తాకితే చిన్న మోత, నొక్కి ఉంచితే పెద్ద మోత. నా అక్షరాలు నిదానం. ఆయన కళ్ళు మూసుకుని ఓపిగ్గా ఉండేవాడు. మొదటిరోజు నేను తడబడుతూ నాలుగు మాటలు పంపాక కళ్ళు తెరిచి, "రెండు, తొమ్మిది, ఆరు," అన్నాడు. అర్థమైంది అయిదుకి రెండు, బలం మాత్రం పూర్తిగా. "అంత గట్టిగా కొట్టకు. సేయి నొప్పెడతంది."

తరవాత అసలు సంగతి అడిగాడు.

"ఆ రోజు నువ్వు ఇన్నావా?"

విన్నానని కొట్టాను.

"నానెవుడికి బదులిచ్చినాను?"

అవతలివాడి గుర్తు ఆయన మరిచిపోయాడు. అదొక్కటే పోయింది. మిగతాదంతా ఉంది. తీగ దింపేముందు ఆఖరిసారి పిలిచాడట. ఎవరో కొత్తవాడు పలికాడు. "సేయి వణుకుతంది. మోతకీ మోతకీ మధ్య ఊపిరి తీసుకుంటన్నాడు. నా దేశం దాటి నాను కలిసిన మొదటోడివి నువ్వే అని పంపినాడు. నాకు అంకె ఇచ్చినాడు. నాను ఇవ్వాల. ఇయ్యబోతన్నాను."

ఇక్కడ ఆగిపోయేవాడు. మళ్ళీ చెప్పేవాడు.

"మొదటి అంకె ఎవుడూ మరిసిపోడు బావా. నాకు మొదట అంకె ఇచ్చినోడి పేరు మరిసిపోనాను, అంకె మరిసిపోనేదు. ఈడేటనుకుంతాడు? నా సేయి బాగోనేదు, అందుకే సగంలో ఎల్లిపోనాడు అనుకుంతాడు."

యుద్ధం సంగతి వాళ్ళకీ తెలిసే ఉంటుందని కొట్టాను. తల అడ్డంగా ఊపాడు. "అంకె రానేదు గదా. ఏదనుకున్నా అనుకోవచ్చు."

ఏ అంకె ఇవ్వబోయావని అడిగాను. నావైపు చూశాడు. "అది నీది కాదు. ఆడిది."

ఆయనకి కావలసింది ఆ ఒక్కటే. పింఛను కాగితాలు వచ్చాయి, పక్కన పడేశాడు. టెక్కలిలో చెవుల డాక్టరు దగ్గరికి రమ్మంటే రాలేదు. పలక దింపమన్నాడు.

దింపాను. దేశం, అంకె, చింతపిక్కలు ఒకటి, రెండు. లెక్క వేశాను. పట్టీలో ఒకే చిన్న మోత ఉన్న అక్షరాలు తొమ్మిది. రెండు చిన్న మోతలున్నవి ఎనిమిది. తొమ్మిది ఎనిమిదులు డెబ్బై రెండు. డెబ్బై రెండు మందిలో ఒకడు. ఆయన ముంజేతిమీద ఏడు, రెండు అని కొట్టాను. అంకెలు కాబట్టి తప్పు పోలేదు.

"డెబ్బై రెండా," అన్నాడు. "పోనీలే బావా." గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు.

అత్త నన్ను వాకిట్లోకి లాగింది. "ఏటైనాది?"

చెప్పాను. చేటలో ఏ పిక్క పక్కన ఏ పిక్క ఉందో తెలియాలి, చింతవి ఉన్నాయి, జీడివి లేవు, అన్నాను. ఆవిడ చీపురు తీసి, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది.

"ఈ సేతులు ఊరుకోవు," అంది చివరికి. "రేడియోలో సెప్తంటే ఇన్నాను. ఏటి సెయ్యాలో తెల్నేదు. సేట కనబడింది. ఏరినాను."

"తెలిసి చేశావా అత్తా."

"ఏ పక్కనున్నియో తెలీదు. ఎన్నో తెలుసు. ఐదు."

"ఐదేనా?"

"లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆ రోజుది మరిసిపోతానేటి?"

నేను అక్కడే నేలమీద కూర్చుని పుల్లతో మళ్ళీ గీశాను. అక్షరానికి నాలుగు మోతలే హద్దు కాబట్టి ఒక అక్షరంలో మూడుకి మించి పెద్ద మోతలు ఇమడవు, రెండోదానిలో రెండుకి మించి ఇమడవు. మొత్తం ఐదు కావాలంటే ఇక్కడ మూడూ, అక్కడ రెండూ ఉండాలి. వేరే దారి లేదు. అలాంటివి మొదటిచోట మూడు, రెండోచోట నాలుగు. మూడు నాలుగులు పన్నెండు.

లోపలికి వెళ్ళి బావ ముంజేతిమీద ఒకటి, రెండు అని కొట్టాను. తిరిగి చూశాడు. ఎలా అన్నట్టు కనుబొమలు ఎత్తాడు. అత్తని చూపించి, ఐదు వేళ్ళు చూపించాను.

ఆయన లేచి, మాటలకి వాడే పలక తుడిచి, ఏదో రాసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడకి చదువు రాదు. నాకు చూపించింది. "ఏటి రాసినాడు?"

ఐదు, తొమ్మిది, తొమ్మిది. ఆయన అది ఎవరికైనా ఇవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

"నీకు మార్కులు అత్తా."

"ఎన్నికి ఎన్ని?"

"అంతకన్నా లేవు."

"మరి అన్నానికి రమ్మను," అంది. మర్నాడు ఆ పలకమీదే నాచేత పాలలెక్క రాయించింది.

కలిశాక హామ్‌లు ఒకరికొకరు పంపుకునే కార్డులు, పన్నెండూ ఆయనే రాశాడు, సైన్యంలో నేర్చిన ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో. ఫలానా రోజు, ఫలానా వేళకి గాజాను పిలిచినది మీరేనా, నేను సగంలో ఆగినది నా ఇష్టంతో కాదు. అంకె రాయవలసిన గడి ఖాళీగా ఉంచాడు. పన్నెండింట్లోనూ అంకె రాసేస్తే ఒకటి సరైనవాడికి చేరుతుంది కదా, పని అయిపోతుంది అని నేను కొట్టాను. నాకది న్యాయమైన లెక్కే అనిపించింది.

"పన్నెండు మందికీ పంచితే అది పెసాదం బావా, అంకె కాదు."

పలాస పోస్టాఫీసులో గుమాస్తా కార్డులు తిప్పి తిప్పి చూశాడు. "ఏటండీ, పన్నెండూ ఒకే దేశానికి. పెళ్ళిసంబంధాలేటి?" బావకి వినబడదు కాబట్టి నవ్వాడు. నేను బిళ్ళలు అంటించాను.

అన్నీ ఆ దేశపు హామ్‌ల సంఘం చిరునామాకి వెళ్ళాయి. వాళ్ళు ఎవరివి వాళ్ళకి పంపుతారట. జవాబులు ఒకటొకటిగా ఏడాది పైగా వచ్చాయి. నేను కాదు, అన్నవాళ్ళు ఏడుగురు. వాళ్ళలో ఒకాయన మంచులో నిలబెట్టిన తన తీగ ఫొటో పంపాడు. అత్త దాన్ని చాలాసేపు చూసి, "అక్కడ కూడా బట్టలారేసుకోరేటి?" అంది. ఆ గుర్తుతో ఎవరూ లేరని నాలుగు తిరిగి వచ్చాయి. ఏడూ నాలుగూ పదకొండు.

పన్నెండోది రాలేదు.

మిగిలింది ఒకడే కాబట్టి లెక్కప్రకారం అతనే, ఇచ్చెయ్యి, అన్నాను. బావ ఒప్పుకోలేదు. "నీ లెక్క తప్పని నానన్ను. కాని ఆడు పలకాల. పలకనోడికి అంకె ఇస్తే, ఇననిది ఇన్నానని సెప్పినట్టే." ఆ తరవాత రోజూ పోస్టు వేళకి అరుగుమీదికి వచ్చి కూర్చునేవాడు. సైకిలు గంట వినబడదు కాబట్టి ముందుగానే వచ్చి రోడ్డువైపు చూస్తూ ఉండేవాడు. పోస్టుమాన్ దూరంనుంచే చేయి ఊపేవాడు, లేదని. ఈయన తిరిగి చేయి ఊపేవాడు, సరే అని.

ఈ వానాకాలం జ్వరం పట్టుకుంది. వారం ఇంట్లో చూశాం, తరవాత టెక్కలి తీసుకెళ్ళాం. చేర్పించిన మూడోనాటి ఉదయం నేను మంచం పక్కన కూర్చుని ఉన్నాను. అత్త గంజి తేవడానికి కిందికి వెళ్ళింది. ఆయనకి మాట రావడం తగ్గింది. నా చేయి లాక్కున్నాడు. ఇన్నాళ్ళూ కొట్టడం నా పని, వినడం ఆయన పని. ఆయనకి నోరుంది కాబట్టి కొట్టే అవసరం రాలేదు. ఆ ఉదయం నా ముంజేతిమీద ఆయన కొట్టాడు.

గాలిలో వేల మైళ్ళు దాటి నేను విన్న చేయే. పెద్ద మోత చివర పిసరంత సాగింది.

అక్షరాలు నిదానంగా కొట్టాడు, నాకు రావని తెలుసు కాబట్టి. ఒక్కొక్కటీ రెండుసార్లు. ఆడు అడిగితే ఇవ్వు. అడక్కపోతే ఉంచు. తరవాత అంకెలు. అవి ఒక్కసారే కొట్టాడు. అంకెలు నాకు వచ్చని ఆయనకి తెలుసు.

రెండేళ్ళ కిందట ఆ సోమవారం నేను సుద్దముక్క పట్టుకుని కూర్చున్నది వాటికోసమే. అందాయని ఆయన చేతిమీద కొట్టాను. తల ఊపాడు. గంజి తాగలేదు. ఆ సాయంత్రం పోయాడు.

పెరట్లో తీగ ఇంకా ఉంది. పెద్దకర్మ అయ్యాక దింపేద్దామంటే అత్త వద్దంది. ఒకరోజు చూస్తే దానిమీద ఆయన పంచె ఆరేసి ఉంది. ఉతికి, ఆరేసి, సాయంత్రం మడిచి లోపల పెడుతుంది. మర్నాడు మళ్ళీ ఉతుకుతుంది.

మొన్న నన్ను అడిగింది. "మిగిలినాడొక్కడే గదా. ఆడికిచ్చీరాదా? పోనోడి బాకీ ఉంచకూడదు."

"అడిగితే ఇమ్మన్నాడు అత్తా."

"అడిగినాడా?"

"లేదు."

"అయితే ఉంచు," అని పిక్కలు ఏరుకోవడానికి కూర్చుంది.

ఉంచాను. ఫిన్లాండులో ఒకరికి, వణికే చేయి గలవారికి, ఇవ్వవలసినది: నాలుగు, నాలుగు, తొమ్మిది. అర్థమైనది అయిదుకి నాలుగు. బలం తొమ్మిదికి నాలుగు. శుద్ధం తొమ్మిదికి తొమ్మిది.